అమ్మేవారి ధర్మం: భిలాయి నేపథ్యంలో ఒక విచారణ

రాయ్‌పూర్ నుంచి దుర్గ్ వెళ్లే జి.ఇ. రోడ్డు భిలాయి మీదుగా సాగుతుంది. ఇనుప కడ్డీలు, పలకలు, కోణాలు మోసుకుపోయే లారీలు ఆ దారిలో బరువు తూయించుకోవడానికి ఆగే చోట్లను అక్కడి జనం ‘ధరమ్ కాంటా’ అంటారు. తెలుగునాట అదే ధర్మకాటా. లారీని ఖాళీగా ఒకసారి, సరుకుతో ఒకసారి తూచి, ఆ తేడాను చీటీ మీద రాసి ఇవ్వడం దాని పని. తూనిక యంత్రానికి ధర్మం పేరు పెట్టుకోవడంలో ఈ దేశపు బజారు అనుభవం ఎంతో ఇమిడి ఉంది. అమ్మేవాని గొప్పలకు గాని, కొనేవాని అనుమానాలకు గాని లొంగని మూడో సాక్షి ఒకటి ఉండాలన్న ఆకాంక్ష ఆ పేరులో వినిపిస్తుంది. ధర్మం మనిషి నాలుక మీద నిలవకపోయినా కనీసం ఇనుప పలక కిందనైనా నిలవాలన్న నిస్పృహ కూడా అందులో లేకపోలేదు.

భిలాయి ఉక్కును తయారు చేసే ఊరు. 1955 ఫిబ్రవరి 2న భారత, సోవియట్ ప్రభుత్వాల మధ్య కుదిరిన ఒప్పందంతో ఈ కర్మాగారానికి బీజం పడింది. 1959 ఫిబ్రవరి 4న తొలి బ్లాస్ట్ ఫర్నేసును రాష్ట్రపతి బాబూ రాజేంద్రప్రసాద్ ప్రారంభించారు. ఏడాదికి 10 లక్షల టన్నుల సామర్థ్యంతో మొదలైన కర్మాగారం 1960లలో 25 లక్షలకు, 1980ల చివరికి 40 లక్షల టన్నులకు ఎదిగింది. దల్లీ రాజ్‌హరా కొండల ఖనిజం, నందిని సున్నపురాయి, దేశం నలుమూలల నుంచి తరలివచ్చిన మనుషుల చెమట కలిసి ఆ ఊరును నిర్మించాయి. ఆ మనుషుల్లో తెలుగువారు గణనీయంగా ఉన్నారు. రాయ్‌పూర్‌ను విజయనగరంతో కలిపే రైలుమార్గం 1931 నాటికే పూర్తయింది. ఉత్తరాంధ్ర పల్లెల నుంచి ఎన్నో కుటుంబాలు ఆ దారినే వచ్చి సెక్టార్ల క్వార్టర్లలో స్థిరపడ్డాయి.

ఆ తొలి తరానికి పని అంటే కంటికి కనిపించేది, చేతికి తగిలేది. ఫర్నేసు నుంచి ద్రవలోహం పారడం, రోలింగు మిల్లులో ఎర్రటి కడ్డీ సాగడం, షిఫ్టు మారే వేళ సైరను మోగడం — ఇదీ వారి దినచర్య. నెలాఖరున వచ్చే జీతానికి, తాము చేసిన వస్తువుకూ మధ్య సంబంధం వారికి తేటతెల్లంగా ఉండేది. వారి పిల్లలు చదువుకున్నారు. ఇంజనీరింగు ప్రవేశ పరీక్షల్లో భిలాయి పిల్లలు సాధించే ర్యాంకులు ఒకప్పుడు దేశమంతా చెప్పుకొనే ముచ్చట. అలా చదువుకొన్న వారిలో అనేకులు ఆ మీదట మేనేజిమెంటు డిగ్రీలు చేసి ముంబయి, బెంగుళూరు, హైదరాబాదు నగరాల్లోని కంపెనీలలో మార్కెటింగు ఉద్యోగాల్లో చేరారు. పండుగకు ఇంటికి వచ్చిన కూతురిని తండ్రి అడిగే మొదటి ప్రశ్న సాధారణంగా ఒకటే: “ఇంతకీ నువ్వు చేసే పనేంటమ్మా?” ఆమె బ్రాండు గురించి, ప్రచారం గురించి, కొనుగోలుదారుల మనస్తత్వ సర్వేల గురించి చెబుతుంది. తండ్రి తల ఊపుతాడు. తల్లి మాత్రం మెల్లిగా, “అంటే, అమ్మిపెట్టడమే గదా,” అంటుంది. ఆ మాటలో చిన్నచూపు లేదు, పొగడ్తా లేదు. అయినా కూతురు కాస్త నొచ్చుకుంటుంది. ఎందుకు నొచ్చుకోవాలన్నదే ఇక్కడి విచారణ.

అమ్మకాన్ని తక్కువగా చూసే అలవాటు పాతది. తయారు చేసేవాడు సృష్టికర్త, అమ్మేవాడు దళారి అన్న భావన కార్మికుల్లోనూ ఉంది, పండితుల్లోనూ ఉంది. భిలాయి వంటి ప్రభుత్వరంగ పట్టణంలో ఈ భావనకు చరిత్ర కూడా తోడయింది. అక్కడ మూడు దశాబ్దాల పాటు ఉక్కును నిజమైన అర్థంలో ఎవరూ అమ్మలేదు, కేటాయించారు. 1964లో ఏర్పడిన జాయింట్ ప్లాంట్ కమిటీ ధరలను నిర్ణయించేది, సరఫరాను పర్యవేక్షించేది. రవాణా సమీకరణ విధానం వల్ల ఉక్కు ధర దుర్గ్‌లో ఎంతో కన్యాకుమారిలోనూ అంతే. కొనేవారు క్యూలో ఉన్నప్పుడు అమ్మేవారికి నోరు విప్పవలసిన పని లేదు. 1973లో స్టీల్ అథారిటీ ఆఫ్ ఇండియా ఏర్పడిన తర్వాత కూడా అమ్మకాల వ్యవహారం కలకత్తాలో కేంద్రంగా ఉన్న విక్రయ విభాగం చేతుల్లోనే నడిచింది. భిలాయిలో చేసినవాడు కొన్నవాని ముఖం చూడడు, కలకత్తాలో అమ్మినవాడు ఫర్నేసు వేడి ఎరుగడు.

ఆ కాలాన్ని తలచుకొని, మార్కెటింగు లేని రోజుల్లో ఎంత నిజాయితీ ఉండేదో అని నిట్టూర్చే వారున్నారు. ఆ నిట్టూర్పులో సత్యం సగమే. సరుకు కొరతగా ఉన్నచోట ప్రకటన ఉండదు గాని సిఫారసు ఉంటుంది. పర్మిటు చేతికి వచ్చిన క్షణాన దానికి బజారులో మరో ధర పలికేది. ఇల్లు కట్టుకొనే సామాన్యుడు నాలుగు బస్తాల సిమెంటు కోసం, పది కడ్డీల కోసం ఏయే కార్యాలయాల మెట్లు ఎక్కాడో ఆ తరం అధికారులకు తెలియనిది కాదు. అమ్మేవాడు కొనేవానిని బతిమాలే వ్యవస్థలో అబద్ధం పుట్టవచ్చు. కొనేవాడు అమ్మేవానిని బతిమాలే వ్యవస్థలో అవమానం పుట్టి తీరుతుంది. 1992 జనవరిలో ఉక్కు ధరల మీద, పంపిణీ మీద నియంత్రణ తొలగినప్పుడు కొనుగోలుదారుకు మొట్టమొదటిసారిగా ‘అక్కర్లేదు’ అని చెప్పే హక్కు వచ్చింది. మార్కెటింగు ఉద్యోగి ఆ ‘అక్కర్లేదు’ నుంచి పుట్టినవాడు. ఎదుటివాడు కాదనగలడు కాబట్టే అతనికి పని దొరికింది. ఈ వృత్తికి మూలంలో ఉన్న గౌరవం ఇదేనని చెప్పడం అతిశయోక్తి కాదు.

ఈ పనిలో ఉన్న మేలు గురించి మాట్లాడేటప్పుడు జీతం, విమానప్రయాణాలు, పెద్ద నగరాల జీవితం సహజంగా ముందు వరుసలోకి వస్తాయి. అవి లేవనడం కపటమే అవుతుంది. షిఫ్టు డ్యూటీలతో, దుమ్ముతో, వేడితో ఒక తరం గడిపిన ఇంట్లో చల్లని గదిలో కూర్చుని సంపాదించే కూతురు ఒక విజయం. కాని అంతకంటె లోతైన మేలు మరొకటి ఉంది. ఈ వృత్తి వినడం నేర్పుతుంది. మంచి విక్రయ అధికారి దినంలో ఎక్కువ భాగం మాట్లాడడు, వింటాడు. తాపీమేస్త్రీ కడ్డీని వంచేటప్పుడు ఎక్కడ చిట్లుతోందో, పల్లెటూరి దుకాణదారు ఏ సైజు దొరకక ఇబ్బంది పడుతున్నాడో తెలుసుకొని, ఆ సంగతి కర్మాగారానికి చేరవేస్తాడు. చేతికీ చెవికీ మధ్య తెగిపోయిన నరాన్ని అతుకుతాడు.

ఒక ఉదాహరణ చూడవచ్చు. ఇంటి స్లాబులో వేసే కడ్డీల మీద 500 అనీ, 500-డి అనీ గుర్తులుంటాయి. భారత ప్రమాణాల సంస్థ నిర్దేశించిన 1786వ నంబరు ప్రమాణం ప్రకారం 500 అన్నది బలాన్ని చెబుతుంది, ‘డి’ అన్న అక్షరం సాగే గుణాన్ని. భూమి కంపించినప్పుడు పుటుక్కున విరిగే కడ్డీకీ, వంగి సాగి ఇంటిని కాసేపు నిలిపే కడ్డీకీ ఉన్న తేడా ఆ ఒక్క అక్షరంలో ఉంది. ఆ కాసేపట్లో పిల్లలను ఎత్తుకొని బయటికి పరుగెత్తవచ్చు. జీవితకాలపు పొదుపుతో ఇల్లు కట్టుకుంటున్న గృహస్థుకు ఈ సంగతి ఎవరు చెబుతారు? పాఠశాల చెప్పలేదు, పంచాయతీ చెప్పదు. చెబితే అమ్మేవాడే చెప్పాలి. 12 మిల్లీమీటర్ల కడ్డీ మీటరుకు 888 గ్రాములు తూగాలని, ప్రమాణం అనుమతించే హెచ్చుతగ్గు 5 శాతమేనని విడమరచి చెప్పే ప్రచారపత్రం ఒకటి ఊరూరా పంచితే దానిని ప్రకటన అనాలో, వయోజన విద్య అనాలో తేల్చుకోవడం కష్టం.

అదే ప్రచారపత్రం మీద కడ్డీ పక్కన కండలు తిరిగిన సినిమా నటుని బొమ్మ వేసి, తరతరాల భద్రత అని రాయడం కూడా సాధ్యమే. అలా రాస్తే 888 గ్రాముల మాటకు చోటు మిగలదు. రెండో రకం పత్రం మొదటి దానికంటె ఎక్కువ సరుకు అమ్మిపెడుతుందని సర్వేలు చెప్పినప్పుడు, ఆ బల్ల ముందు కూర్చున్న ఉద్యోగి ఏం చేయాలి? ఆమె అబద్ధం రాయలేదు. కడ్డీ నిజంగానే మంచిది కావచ్చు. కాని కొనేవాని వివేకాన్ని పలకరించే అవకాశం ఉండగా దానిని దాటవేసి అతని భయాన్ని, అభిమానాన్ని పలకరించింది. ఈ దాటవేతకు చట్టంలో పేరు లేదు. రాత్రి ఇంటికి వెళ్లిన తర్వాత మనసులో దానికో పేరు దొరుకుతుంది.

ఇక తెర వెనుక నడిచే వ్యవహారం వేరు. కడ్డీ ఏ కంపెనీది కొనాలో ఇల్లు కట్టించుకొనేవాడు నిర్ణయించడం అరుదు. మేస్త్రీ చెబుతాడు, కాంట్రాక్టరు చెబుతాడు, ప్లాను గీసిన ఇంజనీరు చెబుతాడు. ఆ మాట చెప్పినందుకు టన్నుకు ఇంత అని వారికి ముట్టజెప్పే అలవాటు ఇనుము, సిమెంటు, రంగుల వ్యాపారాల్లో కొత్తది కాదు. బహుమతి అంటారు, ప్రోత్సాహకం అంటారు, విహారయాత్ర అంటారు. గృహస్థు మాత్రం ఆ మేస్త్రీ తన మనిషి అనుకుంటాడు. అతని కూలి తాను ఇస్తున్నాడు, మధ్యాహ్నం టీ తాను పోయిస్తున్నాడు. ఆ నమ్మకాన్ని టోకున కొనుగోలు చేయడం మార్కెటింగు పథకంలో ఒక వరుసగా, ఒక అంకెగా మారిపోతుంది. ఆ పథకాన్ని తయారు చేసే యువకునికి గృహస్థు కనపడడు, మేస్త్రీ కనపడడు. కనిపించేది మూడు నెలల లెక్క. ఈ వృత్తి భాషలో ఉన్న పదాలను ఒకసారి వరుసగా చూస్తే ఆశ్చర్యం కలుగుతుంది. టార్గెట్ అంటే గురి, క్యాంపెయిన్ అంటే దండయాత్ర, స్ట్రాటజీ అంటే యుద్ధవ్యూహం. ఎవరి మీద ఈ యుద్ధం? పేరుకు పోటీదారు మీద. బాణం వెళ్లి తగిలేది కొనేవానికి.

తెలుగు బజారుకు తనదైన విక్రయశాస్త్రం ఒకటి ఉండేది. కొసరు దానికి ప్రాణం. తూకం ముగిసిన తర్వాత పిడికెడు పప్పో, రెండు పచ్చిమిరపకాయలో, కరివేపాకు రెబ్బో అదనంగా వేయడం. అది కూడా ఎరే అని వాదించవచ్చు. రేపు మళ్లీ రావాలనే కదా వేసేది. అయినా కొసరు తూకానికి మీద పడేదే తప్ప తూకాన్ని మింగేది కాదు. పైగా అది కళ్లెదుట జరిగేది. అసలు కంటే కొసరు ముద్దు అన్న నానుడిలో కొనేవాని బలహీనత మీద చిన్న నవ్వు కూడా ఉంది. ఒకటి కొంటే ఒకటి ఉచితం అన్న నేటి పథకానికి కొసరు తాత అవుతుందేమో గాని పోలికలు తక్కువ.

విక్రయ అధికారి అంతరంగాన్ని సాహిత్యం, సినిమా బాగానే శోధించాయి. 1949 నాటి ఆర్థర్ మిల్లర్ నాటకం ‘డెత్ ఆఫ్ ఎ సేల్స్‌మన్’లో కథానాయకుడు విల్లీ లోమన్ ఏ వస్తువు అమ్ముతాడో నాటకం ముగిసేదాకా తెలియదు. తెలియనక్కర్లేదు, అతను అమ్ముకుంటున్నది తననే. తెలుగువారికి ఈ సత్యాన్ని అంతకు ఎంతో ముందే గురజాడ గిరీశం రూపంలో చూపించాడు. చేతిలో సరుకేమీ లేకుండా మాటనే సరుకుగా చెలామణీ చేయగల ఆ ప్రతిభకు నేటి కంపెనీలు పెద్ద జీతమే ఇచ్చి ఉండేవి. అయితే గిరీశం నవ్విస్తాడు, విల్లీ ఏడిపిస్తాడు. భయపెట్టేది మాత్రం సత్యజిత్ రాయ్ 1971లో తీసిన ‘సీమాబద్ధ’. శంకర్ బెంగాలీ నవల దానికి ఆధారం. కలకత్తాలోని ఒక ఫ్యాన్ల కంపెనీలో సేల్స్ మేనేజరుగా ఉన్న శ్యామలేందు చెడ్డవాడు కాదు. చదువుకున్నవాడు, సంస్కారవంతుడు. విదేశానికి పంపవలసిన ఫ్యాన్లలో లోపం బయటపడుతుంది. గడువు దాటితే నష్టపరిహారం కట్టాలి. ఒప్పందంలో ఒక వెసులుబాటు ఉంది: కర్మాగారంలో కార్మిక అశాంతి వస్తే గడువు వర్తించదు. అంచేత అశాంతిని సృష్టిస్తారు. బాంబు పేలి ఒక కాపలాదారు గాయపడతాడు. కంపెనీ పరువు దక్కుతుంది, శ్యామలేందు డైరెక్టరు అవుతాడు. అతన్ని అమితంగా ఆరాధించిన మరదలు టుటుల్ అతనిచ్చిన చేతిగడియారాన్ని విప్పి ఇచ్చేస్తుంది.

ఆ సినిమాను భిలాయి వంటి ఊరిలో కూర్చుని చూసేవారికి కాపలాదారు ముఖమే ఎక్కువ గుర్తుంటుంది. అమ్మేవాని మాట నిలబడేందుకు చేసేవాని ఒళ్లు పణమైంది. మార్కెటింగు ఉద్యోగంలోని చీకటి ఎప్పుడూ ఇంత నాటకీయంగా ఉండదు. విక్రయ విభాగం ఫలానా తేదీకి సరుకు ఇస్తామని మాట ఇస్తుంది. ఆ తేదీ బరువు ఎక్కడో రాత్రి షిఫ్టులో ఉన్న కాంట్రాక్టు కార్మికుని భుజాల మీదికి దిగుతుంది. దిగిన సంగతి మాట ఇచ్చినవారికి తెలియదు. తెలియకపోవడమే ఈ వ్యవస్థ వారికి ఇచ్చే సౌకర్యం.

అమ్మకం అవసరాలను తీరుస్తుందా, పుట్టిస్తుందా అన్నది మరొక చిక్కు. 1958లో అమెరికన్ ఆర్థికవేత్త గాల్‌బ్రెయిత్ ‘ది అఫ్లుయెంట్ సొసైటీ’లో ఒక అభ్యంతరం లేవనెత్తాడు. కోరికను ప్రకటనే పుట్టించి, దానిని తీర్చే వస్తువును అదే కర్మాగారం చేస్తున్నప్పుడు, ఆ వస్తువు వల్ల సమాజానికి మేలు జరిగిందని ఎలా అనగలం అని. మూడేళ్లకు హయెక్ జవాబిచ్చాడు. అన్నం, నీరు, నీడ తప్ప మనిషికి పుట్టుకతో వచ్చిన కోరికలు ఎన్ని? సంగీతం మీద, సాహిత్యం మీద ఇష్టం కూడా ఎవరో పుట్టించినదే కదా, అంతమాత్రాన అవి విలువలేనివా అని. సాహిత్యాభిమానులకు ఈ జవాబు ఇబ్బందికరమైనదే. కవి సమ్మేళనానికి గోడపత్రిక అంటించిన వారెవరూ ప్రకటనలను మూకుమ్మడిగా తిట్టలేరు. ఎన్నో సాహిత్య పత్రికలు వెనుక అట్ట మీద వచ్చిన ప్రభుత్వరంగ సంస్థల ప్రకటనల డబ్బుతోనే బతికాయన్నది కూడా మరువరానిది.

ఉక్కు విషయంలో ఈ వాదానికి ఒక మెలిక ఉంది. 2017 జాతీయ ఉక్కు విధానం తలసరి వినియోగాన్ని 2030-31 నాటికి 160 కిలోలకు పెంచాలని లక్ష్యంగా పెట్టుకుంది. విధానం వచ్చేనాటికి అది 60 కిలోల చుట్టూ ఉండేది. పల్లెల్లో వినియోగం ఇంకా తక్కువ. అందుకే గ్రామీణ డీలర్ల నియామకం, పల్లెల్లో సభలు, ప్రదర్శనలు. ఇక్కడ మార్కెటింగు జాతీయ కార్యక్రమం స్థాయిని అందుకొంటోంది. ధాన్యం దాచుకొనే గాదె, పిల్లల బడి పైకప్పు, వాగు మీద వంతెన — వీటికి ఉక్కు కావాలనడంలో వివాదం లేదు. అయితే వినియోగమే లక్ష్యంగా మారినప్పుడు, మట్టిగోడతో చల్లగా ఉండే ఇంటిని పాతకాలపు బీదతనంగా చూపించే బొమ్మ ఒకటి ప్రకటనలోకి ప్రవేశిస్తుంది. బస్తర్ దారిలో గాని, శ్రీకాకుళం పల్లెల్లో గాని అటువంటి ఇంట్లో ఉన్నవాడు ఆ బొమ్మ చూసి సిగ్గుపడతాడు. కడ్డీ అమ్మడానికి సిగ్గు అమ్మవలసిన అవసరం ఏమిటన్నది అధికారులు కూడా వేసుకోదగిన ప్రశ్న.

మంచితనాన్ని ప్రకటించుకోవడం ఇంకో సంకటం. తాము ఉక్కు కూడా తయారు చేస్తామని వినయంగా చెప్పుకొన్న టాటా ఉక్కు సంస్థ ప్రకటనలు ఒక కాలంలో దేశమంతా పేరు పొందాయి. ఊరికి, ఆటలకు, గిరిజన సంక్షేమానికి తాము చేసిన సేవను ముందు చూపి ఉక్కును చివరి వాక్యానికి నెట్టిన చమత్కారం అది. ఆ సేవ అబద్ధం కాదు. కాని సేవ ప్రకటనలోకి ఎక్కిన క్షణం నుంచి దానికి రెండు ప్రయోజనాలు ఏర్పడతాయి, ఏది ముందో చేసినవారికే తెలియని స్థితి వస్తుంది. భిలాయి సెక్టార్ 9 ఆసుపత్రిలో ప్రాణాలు దక్కినవారు, సెక్టార్ల బడుల్లో చదువుకొన్నవారు వేలల్లో ఉన్నారు. దశాబ్దాల పాటు ఆ ఆసుపత్రిని చూపించి ఎవరూ కడ్డీ అమ్మలేదు. 2013 కంపెనీల చట్టం వచ్చిన తర్వాత సామాజిక బాధ్యత కింద లాభంలో 2 శాతం వ్యయం పెద్ద కంపెనీలకు విధి అయింది. విధిగా చేసిన దానిని ఔదార్యంగా చిత్రించే పని మళ్లీ మార్కెటింగు వారి బల్ల మీదికే చేరింది.

విక్రయ కార్యాలయాల గోడల మీద గాంధీజీ బొమ్మ కింద ఒక వాక్యం తరచు కనిపిస్తుంది. వినియోగదారుడే మన ఆవరణకు వచ్చే అతి ముఖ్యుడైన అతిథి అన్న భావంతో సాగేది. బ్యాంకుల్లో, బీమా కార్యాలయాల్లో, పోస్టాఫీసుల్లో కూడా అది ఉంటుంది. ఆ మాటలు 1941లో అమెరికాలోని స్టూడ్‌బేకర్ మోటారు కార్ల కంపెనీ అమ్మకాల ఉపాధ్యక్షుని పేరిట అచ్చయ్యాయి. తర్వాత ఎప్పుడో, ఎవరి చేతనో గాంధీజీ ఖాతాలో పడ్డాయి. సత్యమే దైవమన్న మనిషి పేరు మీద అసత్యపు సంతకం, అదీ నిజాయితీని బోధించే పటంలో! భావం మంచిదే కదా అని సరిపెట్టుకోవచ్చు. సరిగ్గా ఆ సరిపెట్టుకోవడమే ఈ వృత్తికి పట్టే మొదటి తుప్పు.

పూర్వులు వాణిజ్యాన్ని తక్కువ చూశారన్న మాట పూర్తిగా నిజం కాదు. మహాభారత శాంతిపర్వంలో జాజలి అనే తపస్వి జడల్లో పక్షులు గూడు కట్టుకొనేంత నిశ్చలంగా నిలబడి, తన ధర్మానికి తానే మురిసిపోతాడు. నీకంటె కాశీలోని తులాధారుడు గొప్పవాడని అశరీరవాణి పలుకుతుంది. వెళ్లి చూస్తే అతను అంగట్లో సుగంధద్రవ్యాలు, మూలికలు అమ్ముకొనే వర్తకుడు. తన త్రాసు సర్వభూతాల ఎడల సమంగా ఉంటుందని, ఇతర ప్రాణులకు హాని లేకుండా, లేదా అతి స్వల్పమైన హానితో బతకడమే తన ధర్మమని అతను చెబుతాడు. రకరకాల ద్రవ్యాలు అమ్ముతాడు గాని మద్యం అమ్మడు. ధర్మం ఎలా అమ్మావన్న దానితోనే ముగియదు, ఏది అమ్మనన్నావన్న దానిలోనూ ఉందని తులాధారుడు ఎరిగినవాడు. అయితే అతను తన కొట్టుకు తానే యజమాని. ఏది అమ్మకూడదో తేల్చుకొనే స్వేచ్ఛ అతనికి ఉంది. కంపెనీలో చేరిన ఇరవై ఐదేళ్ల అమ్మాయికి ఆ స్వేచ్ఛ ఎంత? బ్యాంకు అప్పు, పై అధికారి, అర్ధసంవత్సరపు మదింపు, బదిలీ భయం — ఇవన్నీ ఆమె త్రాసు మీద చేతులు వేసి ఉంటాయి. కౌటిల్యుడు ఈ చిక్కును మరోవైపు నుంచి చూశాడు. రాజ్యపు సరుకును అమ్మే పణ్యాధ్యక్షుడు లాభం ఎంత పెద్దదైనా సరే, అది ప్రజలకు హాని చేసేదైతే వదులుకోవాలని విధించాడు. ఉద్యోగి మనస్సాక్షికి వదిలేయకుండా పదవికే ఆ కట్టడి పెట్టాడు. ప్రభుత్వరంగ విక్రయ శాఖలకు ఇది ఇప్పటికీ పనికివచ్చే సూత్రం.

ఇంకొక శిలా సాక్ష్యం తెలుగు తీరంలోనే ఉంది. కాకతీయ గణపతిదేవుడు 1244-45లో మోటుపల్లి రేవులో అభయశాసనం వేయించాడు. తుపానుకు కొట్టుకువచ్చిన ఓడల సరుకును పూర్వపు రాజులు లాక్కునేవారని, తాము నియమిత సుంకం తప్ప ఏమీ తీసుకోమని దేశాంతర వర్తకులకు అందులో హామీ ఇచ్చాడు. వర్తకులను రప్పించేందుకు వేయించిన ఆ శాసనం ఒక ప్రకటనే, రేవుకు మార్కెటింగే. కాని అది చదివినవానిని కట్టివేసే ప్రకటన కాదు, వేయించినవానిని కట్టివేసేది. రాతి మీద చెక్కిన మాటను రాజు రేపు కాదనలేడు.

భిలాయిలో తయారయ్యే రైలు పట్టాల మీద ఇటువంటి శాసనమే ఒకటి ఉంటుంది. 1960 నుంచి ఈ కర్మాగారం పట్టాలు చేస్తోంది. దశాబ్దాల పాటు దేశపు రైల్వేలకు దాదాపు ఏకైక సరఫరాదారు. 130 మీటర్ల ఏకఖండపు పట్టాలు, వాటిని అతికి 260 మీటర్ల పట్టాలు ఇక్కడి నుంచి వెళ్తాయి. పట్టా నడుము మీద చేసినవారి పేరు, సెక్షను, తయారైన నెల, సంవత్సరం ఉబ్బెత్తు అక్షరాలుగా పడతాయి. ఏ కొలిమి వంటలో పుట్టిందో తెలిపే అంకె కూడా విడిగా ముద్రిస్తారు. బ్రాండు అనే ఇంగ్లీషు మాటకు కాల్చి వేసిన గుర్తు అన్నది మూలార్థం. ఇక్కడ ఆ మూలార్థం చెక్కుచెదరలేదు. పట్టా మీది అక్షరాలను ప్రయాణికుడు చదవడు. వాటిని చూసి ఎవరూ టిక్కెట్టు కొనరు. ఎప్పుడైనా ఎక్కడైనా పట్టా విరిగితే, ఎవరు చేశారు, ఎప్పుడు చేశారు, ఆ వంటలో ఉదజని శాతం ఎంత అని అడగడానికి అవి ఉన్నాయి. పేరు వేసుకోవడమంటే ఇక్కడ దొరికిపోవడానికి సిద్ధపడటం. టీవీలో మెరిసే బ్రాండూ, పట్టా నడుము మీది బ్రాండూ ఒకే పదం కావడం భాష చేసిన ఎకసెక్కం.

మార్కెటింగులో ఉన్నవారు తమ పనిని ఈ రెండింటిలో దేనికి దగ్గరగా ఉందో చూసుకోవచ్చు. 1795లో కాంట్ రాజనీతికి ఒక పరీక్ష పెట్టాడు: బయటపెడితే భగ్నమయ్యే సంకల్పం అన్యాయమైనది అని. మేస్త్రీకి టన్నుకు ఇంత ఇస్తున్నామని అదే ప్రచారపత్రం మీద అచ్చు వేయగలరా? వేయగలిగితే అది కొసరు, వేయలేకపోతే లంచం. 12 మిల్లీమీటర్ల కడ్డీ బరువును వేయగలరా? నిక్షేపంగా వేయవచ్చు. 1986 వినియోగదారుల రక్షణ చట్టం స్థానంలో వచ్చిన 2019 చట్టం దారి తప్పించే ప్రకటనలకు శిక్షలు విధించింది. కొత్త చట్టం కింద తొలి తప్పుకు 10 లక్షల రూపాయల దాకా జరిమానా ఉంది, ప్రకటనలో నటించిన ప్రముఖుని మీద కూడా చర్య తీసుకోవచ్చు. ఆ వాక్యాన్ని నిజంగా రాసిన ఉద్యోగి పేరు మాత్రం సాధారణంగా ఎక్కడా రాదు. ఈ అజ్ఞాతం ఆమెకు రక్షణ. పట్టా మీద పేరు పడినట్టు ప్రకటన మీద కూడా రాసినవారి పేరు, తేదీ పడాలన్న నియమం ఒకటి ఉంటే ఎన్ని వాక్యాలు మారిపోయేవో ఊహించుకోవచ్చు. అది జరిగే పని కాదు. అయినా కొందరు తమ మటుకు తాము అలా పేరు పడుతుందన్నట్టే రాస్తారు. ఇంట్లో తండ్రి చదువుతాడన్న జంకు అందుకు చాలు.

రిటైరయి సొంత ఊరు చేరి ఇల్లు మొదలుపెట్టిన భిలాయి కార్మికులు ఉత్తరాంధ్ర పల్లెల్లో అరుదు కాదు. ముప్ఫై ఐదేళ్లు మిల్లులో ఉన్నవాడు జీవితంలో మొదటిసారి ఉక్కు కొనేవానిగా దుకాణం ముందు నిలబడతాడు. కౌంటరు వెనుక కుర్రవాడు అతని సంగతి ఎరగడు. గోడ మీది నటుని బొమ్మ చూపించి, “తాతగారూ, మూడు తరాలు చూసుకోనక్కర్లేదు,” అంటాడు. ముసలాయన వింటాడు. వంగి, కట్టలోంచి ఒక కడ్డీని బయటికి లాగి, కళ్లద్దాలు పైకి నెట్టి, ఒంటి మీది అక్షరాల కోసం వేలితో తడుముతాడు. తర్వాత కాటా ఎక్కడుందని అడుగుతాడు.